లోపల కూడా అట్టే

వాడి సంస్మరణ సభలో ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ వాడిని చాలా మంచివాడన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాడు మంచివాడు కాదని నా ఉద్దేశం కాదు. కానీ ఆ రోజు మైకు ముందు వాళ్ళు వర్ణించిన మనిషితో ఇరవై రెండేళ్ళు స్నేహం చెయ్యమంటే నా వల్ల అయ్యేది కాదు. మృదుభాషి అట. ఎవరి మనసూ నొప్పించి ఎరగడట. ఒకాయన 'నడిచే గ్రంథాలయం' అన్నాడు. వాడు గనక వింటే "గ్రంథాలయం నడవకూడదండీ, పుస్తకాలు కింద పడతాయి" అనేవాడు. అంటే, అనేవాడని నేను ఊహిస్తున్నాను. నా ఊహ కాబట్టి అది ఓ మోస్తరుగానే ఉంది. వాడైతే ఇందులో సగం మాటలతో సరిపెట్టి, ఎదుటివాడికి అర్థమయ్యేలోపు వేరే విషయంలోకి వెళ్ళిపోయేవాడు.

అందరికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఐదో వక్త. ఆయన కవి, మా ఇద్దరికంటే పదిహేనేళ్ళు పెద్ద. తన మొదటి కవితల పుస్తకం అచ్చయినప్పుడు ఒక కాపీ తెచ్చి మావాడి చేతిలో పెట్టి, ఎలా ఉందో చెప్పమని ఎదురుగా కూర్చున్నాడు. వాడు అటూ ఇటూ తిరగేసి, మొహంలో ఏ భావమూ లేకుండా, "అట్ట బాగుందండీ. లోపల కూడా అట్టే" అన్నాడు. కవిగారు పొంగిపోయి వాడి చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేను దగ్గు వచ్చినట్టు నటిస్తూ బయటికి పరిగెత్తాను. పదిహేడేళ్ళ తర్వాత అదే మాటను ఆయన సభలో చెప్పారు. "అంత చదివిన మనిషి నా పుస్తకం చూసి ఏమన్నాడో తెలుసా? అట్ట బాగుంది, లోపల కూడా అట్టే, అన్నాడు" అని, మా వైపు చూస్తూ కాసేపు ఆగారు. జనం చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని నా చెప్పుల్ని చూసుకుంటూ కూర్చున్నాను. వాడి నోటి వెంట వచ్చినవాటిలో అంత పదునైన మాట ఇంకోటి లేదు. దాన్ని తీసుకొచ్చి సన్మానపత్రం చేసేశారు.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలన్న నియమం చాలా పాతది. గ్రీకుల ఏడుగురు జ్ఞానుల్లో ఒకడు, స్పార్టాకు చెందిన ఖైలోన్ ఆ మాట చెప్పాడని, తత్త్వవేత్తల జీవితాలు రాసిన ప్రాచీన గ్రీకు రచయిత డయోజినీస్ లేర్షియస్ రాశాడు. దాన్ని నేను పూర్తిగా కాదనను. జవాబు చెప్పుకోలేని మనిషి మీద నిందలు వెయ్యకూడదు, అంతవరకు సరే. మరి జవాబు చెప్పుకోలేని మనిషి మీద పొగడ్తలు మాత్రం వెయ్యొచ్చా? మావాడికి తిట్లతో ఎప్పుడూ పేచీ లేదు. ఎవరైనా తిడుతుంటే ఆసక్తిగా వినేవాడు, మధ్యలో వాళ్ళకి సరైన మాట దొరక్కపోతే అందించేవాడు కూడా. పొగిడితే మాత్రం నలుగురిలో చొక్కా విప్పమన్నట్టు ఇబ్బందిపడిపోయేవాడు. అలాంటివాడిని గంటన్నరసేపు పొగిడాం, వాడు లేచి వెళ్ళిపోలేడన్న ధైర్యంతో.

ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ 1784లో చనిపోయాడు. ఆయన జీవితచరిత్రను జేమ్స్ బాస్వెల్ రాస్తున్నాడని తెలిసి, ఇద్దరినీ ఎరిగిన రచయిత్రి హానా మోర్, ఆయన కరకుదనాన్ని కాస్త తగ్గించి రాయమని అడిగింది. ఆయన గోళ్ళు కత్తిరించను, ఎవరి మెప్పు కోసమూ పులిని పిల్లిని చెయ్యను అని బాస్వెల్ జవాబు. పుస్తకం 1791లో వచ్చింది. అందులో జాన్సన్ కసురుకుంటాడు, వాదనలో ఓడిపోతున్నప్పుడు గొంతు పెంచుతాడు, ఎదుటివాడి మాట పూర్తి కానివ్వడు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా మనిషి కనబడతాడు. నాకు ఇందులో బాగా నచ్చేది ఇంకొకటుంది. 1763 మే నెలలో వాళ్ళిద్దరూ మొదటిసారి కలిశారు. జాన్సన్‌కి స్కాట్లండ్ వాళ్ళంటే ఎకసెక్కెం. ఆ సంగతి తెలిసిన బాస్వెల్ హడలిపోతూ, నేను స్కాట్లండ్ నుంచి వచ్చినవాడినే, ఏం చెయ్యను, తప్పలేదు అన్నాడట. మీవాళ్ళలో చాలామందికి అక్కణ్ణించి వచ్చెయ్యక తప్పట్లేదు లెండి అని పెద్దాయన అంటించాడు. ఆ దెబ్బని దాచుకోకుండా, ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, అచ్చులో పెట్టినవాడు దెబ్బ తిన్న బాస్వెలే.

గోళ్ళు ఉంచడం అనుకున్నంత తేలిక కాదని నాకు తర్వాత తెలిసింది. ఆ సభ నుంచి వచ్చాక, ఆవేశంలో, వాడి ఛలోక్తులన్నీ ఒక పుస్తకంలో రాసి పెడదామని కూర్చున్నాను. నాలుగు రోజుల్లో అరవై దాకా వచ్చాయి. ఐదో రోజు చదువుకుంటే ఒక్కదానికీ నవ్వు రాలేదు. చాలావాటిలో అసలు జోకే లేదు. "సరేలే, నీకు తెలిసినంత వరకు చెప్పు" అన్న మాటకి ఒకప్పుడు ఎనిమిది మందిమి పొట్టలు పట్టుకుని నవ్వాం. ఎందుకో ఇప్పుడు కాగితం మీద చూపించలేను.

రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జనం మధ్య తిరుగుతూ, సుమారు 1,200 నవ్వుల్ని, వాటికి ముందు ఎవరేమన్నారో దాంతో సహా నమోదు చేయించాడు. జోకు అనదగ్గ మాటల తర్వాత వచ్చిన నవ్వులు నూటికి 10 నుంచి 20 మాత్రమే. మిగతావన్నీ "అయితే మళ్ళీ కలుద్దాం" లాంటి మామూలు మాటల తర్వాత వచ్చినవి. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి సుమారు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయన లెక్క. అంటే నేను నాలుగు రోజులు కూర్చుని రాసుకున్నది ఆ నవ్వుల్ని కాదు, వాటి ముందున్న ఖాళీ మాటల్ని.

తెలుగువాళ్ళకి ఈ సంగతి పాతదే. చాటువులు గుర్తు తెచ్చుకోండి. కావ్యాల్లోకి ఎక్కకుండా జనం నోళ్ళలోనే తిరిగిన ఆ పద్యాల్ని వేటూరి ప్రభాకరశాస్త్రి ఏరి 'చాటుపద్య మణిమంజరి'గా అచ్చు వేయించాడు. చాటువు ఎప్పుడూ ఒంటరిగా ప్రయాణం చెయ్యదు. ఎవరి సభలో, ఎవరు ఎవరిని ఏమని అడిగితే ఈ పద్యం చెప్పాడు అన్న కథ దాని వెంట ఉండాల్సిందే. ఆ కథ నిజమా కాదా అన్నది వేరే సంగతి. కథ తీసేస్తే మాత్రం చాలా పద్యాలు చప్పబడతాయి. మావాడి మాటలూ ఆ జాతివే. ఎవరికి తగిలిందో చెప్పకుండా ఏమన్నాడో చెప్తే వాడికేదో సూక్తులు చెప్పే అలవాటు ఉండేదనుకుంటారు.

ఆ సభలో జరిగింది సరిగ్గా అదే. కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చదివించిన ఒక కథ గురించి మావాడే నాకు చెప్పాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి తన విద్యార్థులకు ఇచ్చి, కొన్ని రోజులకీ, కొన్ని నెలలకీ మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుని రాయమన్నాడు. కథ కురచైపోతూ వచ్చింది. వాళ్ళకి వింతగా అనిపించిన భాగాలు ఊడిపోయాయి. ఆదివాసుల తెడ్డు పడవలు మామూలు పడవలైపోయాయి. 1932లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఇదంతా ఉంది. పోయిన మనిషిని తలుచుకోవడమూ అంతే. చెప్పిన ప్రతిసారీ వాడిలో మనకి మింగుడుపడని ముక్క ఒకటి రాలిపోతుంది. చివరికి మిగిలేది అందరికీ తెలిసిన మామూలు పడవ.

కాబట్టి మింగుడుపడని ముక్కలే ముందు చెప్తాను.

వాడు బాగా చదివినవాడు అన్నమాట నిజమే గానీ, జనం అనుకునే పద్ధతిలో కాదు. సగం పుస్తకాలు మధ్యలో వదిలేసేవాడు, పైగా ఆ సంగతి గర్వంగా చెప్పేవాడు. 'చనిపోయేలోపు చదవాల్సిన పుస్తకాలు' అని ఎవరైనా లిస్టు పంపిస్తే "అన్నీ చదివేస్తే ఇంక మిగిలేది చావడమేగా" అనేవాడు. అల్మారాలో చదవనివి ఇన్ని ఎందుకురా అంటే "చదివినవాటితో పనైపోయిందిగా" అన్నాడు ఒకసారి. తేదీల్లో వాడు చెప్పిందే వేదం అనుకుంటే మునిగిపోయేవాళ్ళం. అంతకంటే ఘోరం, వాదనలో అవసరమైతే అప్పటికప్పుడు ఒక కొటేషన్ సృష్టించి, ఎవరో ఫ్రెంచి రచయిత మీదకి నెట్టేసేవాడు. అడ్డం తిరిగి అడిగినవాడిని ఆ రోజంతా గౌరవంగా చూసేవాడు. అడగనివాడికి ఇంకో కొటేషన్ వడ్డించేవాడు.

పుస్తకాలు తీసుకుంటే తిరిగి ఇవ్వడు. ఇస్తే, అంచుల్లో పెన్సిల్ రాతలతో ఇస్తాడు. నా దగ్గర తీసుకున్న ఒక నవలలో వరసగా నాలుగు పేజీల పక్కన 'వర్షం', 'ఇంకా వర్షం', 'గొడుగు తెచ్చుకోవాల్సింది', 'తెరిపిచ్చింది' అని ఉంది. ఆ నవల మళ్ళీ చదివినప్పుడల్లా నాకు ఆ నాలుగు మాటలే కథలా కనిపిస్తాయి.

మరి వాడి చదువు దేనికి పనికొచ్చింది? నాకు పనికొచ్చింది. నేను ఏదైనా కష్టంలో ఉండి ఫోన్ చేస్తే ఓదార్పు మాటలు చెప్పేవాడు కాదు. "నీలాంటివాడే ఒకడు ఒక కథలో ఉన్నాడు, వాడు నీకంటే వెధవ పని చేశాడు" అని మొదలుపెట్టి, అరగంట ఆ కథ చెప్పేవాడు. చివరికి నేను నా కష్టం మర్చిపోయి ఆ వెధవ సంగతి ఏమైందని అడుగుతుండేవాడిని. ఏ మాట ఎక్కడ చదివానో నాకు గుర్తుండదు. "వానలో ఒకడు స్టేషన్ దగ్గర నిలబడి ఉంటాడు చూడు, అదేదిరా" అంటే పేరూ, సుమారుగా పేజీ చెప్పేవాడు. వాడికేమో ఏ సంఘటన మా ఇద్దరిలో ఎవరికి జరిగిందో గుర్తుండదు, అది నేను చెప్పేవాడిని. దగ్గరివాళ్ళు ఇలా జ్ఞాపకాల్ని పంచుకుని మోస్తారని డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో ప్రతిపాదించాడు. ఏది ఎవరి తలలో ఉందో తెలిస్తే చాలు, అన్నీ ఒక తలలోనే పెట్టుకోనక్కర్లేదు. మరి వాళ్ళలో ఒకరు పోతే? పోయినవాడిని మర్చిపోతామేమోనని అందరూ భయపడతారు. నాకైతే వాడు మోస్తున్న నా సగం ఏమైందన్నదే బెంగ. ఆ వానలో నిలబడ్డవాడు ఏ కథలోవాడో నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇక గోళ్ళ సంగతి. నేను ఉద్యోగం మానేసి రాసుకుందామని ఆలోచిస్తున్న రోజుల్లో నలుగురి మధ్యలో వాడన్నాడు: "నువ్వు రాయడం మానేస్తే సాహిత్యానికి ఎంత నష్టమో తెలీదు గానీ, నీకు మాత్రం బోలెడు టైం మిగులుతుందిరా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంటికెళ్ళి నిద్రపోలేదు. ఎనిమిది నెలలు మాట్లాడలేదు. తర్వాత ఓ రాత్రి పదకొండింటికి ఫోన్. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు.

"ఒరేయ్, 'అలక' అన్న మాట ఎలా పుట్టిందో తెలుసా?"

"తెలీదు" అన్నాను బిగదీసుకుని.

"ఎనిమిది నెలల్నుంచి అదే పనిమీద ఉన్నావు, ఆమాత్రం తెలీదా?"

నవ్వేశాను. క్షమాపణ ఏదీ? లేదు. ఇప్పటికీ లేదు. ఈ కథ సభలో చెప్తే బాగుండేదని నాకు తెలుసు. ఎందుకంటే ఇందులో గోరు గుచ్చుకుంది గానీ గాయం మానిపోయింది. ఇలాంటి తప్పుల్ని చెప్పుకోవడం తేలిక. అవి తప్పులు కావు, ముద్దు.

మానని గాయం ఒకటుంది. మేము నెలకోసారి కలిసి ఒకరు రాసింది ఒకరికి వినిపించుకునేవాళ్ళం. ఒకసారి ఎవరో ఒక కుర్రాడిని తీసుకొచ్చారు. పంతొమ్మిది, ఇరవై ఉంటాయేమో. చేతులు వణుకుతుండగా కథ చదివాడు. చదవడం అయ్యాక మావాడు ఒక్క వాక్యం అన్నాడు. గది మొత్తం నవ్వింది. కుర్రాడు కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ రాలేదు. ఆ వాక్యం ఏమిటో ఇక్కడ రాయను. తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, అందుకని రాయను. చాలా రోజుల తర్వాత వాడిని అడిగాను, ఎందుకలా అన్నావని. "నోటిదాకా వచ్చాక మింగలేకపోయానురా" అన్నాడు. అది నిజం. అయినా అది జవాబు కాదని వాడికీ తెలుసు. వెతికి పట్టుకుందామంటే ఆ అబ్బాయి పేరు మాలో ఎవరికీ గుర్తు లేదు.

ఇది కూడా చెప్పాలా అని నన్నెవరైనా అడగొచ్చు. ఇంట్లో వాళ్ళు చదివితే బాధపడరా అనొచ్చు. పడతారేమో. కానీ ఈ సంగతి దాచేసి 'అలక' కథ మాత్రం చెప్తే, నేనూ ఆ ఎనిమిదో వక్తనే అవుతాను. తెలుగులో హాస్యం, ఛలోక్తి, ఎకసెక్కెం, వెటకారం, ఎత్తిపొడుపు అని ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. వాటి మధ్య సరిహద్దు ఎక్కడుందో వాడికి మా అందరికంటే బాగా తెలుసు. తెలిసే ఒక్కోసారి దాటేవాడు. దాటినప్పుడు మేము నవ్వేవాళ్ళం. ఆ కుర్రాడి విషయంలో వాడొక్కడే తప్పు చేసినట్టు నేను రాసుకుంటూ పోతున్నాను గానీ, ఆ గదిలో నవ్విన పదిమందిలో నేనొకడిని.

జబ్బు గురించి ఎక్కువ చెప్పను. వాడికి నలభై తొమ్మిదేళ్ళు. ఆసుపత్రిలో మొదటి రోజు నర్సు ఫారం నింపుతూ "మీకు పడనివి ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది. "ముందుమాటలు" అన్నాడు. ఆవిడ హడావిడిలో సగమే విని "ఏ మాత్రలు? పేరు చెప్పండి" అంది. వాడు నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అచ్చుతప్పు" అన్నాడు. ఇదే వాడి చివరి మాట అని రాస్తే చాలా బాగుంటుంది. కాదు. ఆ తర్వాత పదకొండు రోజులున్నాడు. లైటు ఆపమన్నాడు, నీళ్ళు అడిగాడు, కాలు లాగుతోందన్నాడు. చివరి మాట చమత్కారంగా ఉండాలన్నది బతికున్నవాళ్ళ సరదా.

మూడు నెలల తర్వాత వాళ్ళక్క ఫోన్ చేసింది. "ఈ పుస్తకాలు ఏం చెయ్యాలో నాకు తోచట్లేదు నాయనా, నువ్వోసారి రా" అంది. వెళ్ళాను. పదహారో శతాబ్దపు ఫ్రెంచి వ్యాసకర్త మొంటేన్‌కి అతని స్నేహితుడు లా బొయెసీ చనిపోతూ తన పుస్తకాలు రాసిచ్చాడు. అది 1563, పోయినవాడికి ముప్ఫై రెండేళ్ళు. ఆ స్నేహం ఎందుకు కలిసిందో చెప్పడానికి మొంటేన్‌కి చాలా కాలం పట్టింది. 1580లో వ్యాసాలు అచ్చయినప్పుడు కూడా కారణం రాయలేదు. ఆ తర్వాతెప్పుడో, స్నేహితుడు పోయి పాతికేళ్ళు దాటాక, తన ప్రతిలో అంచున చేత్తో రాసుకున్నాడు: ఎందుకంటే అది అతను కాబట్టి. 'అది నేను కాబట్టి' అన్న రెండో సగం వేరే సిరాతో ఉంటుంది. ఆ రెండు సిరాల మధ్య ఎంత కాలం గడిచిందో గానీ, నాకు ఆ ఖాళీ అంటే ఇష్టం. మావాడు నాకేమీ రాసివ్వలేదు. పైగా వాడి అల్మారాలో నా పుస్తకాలే పద్నాలుగు దొరికాయి. రెండింటి మీద నా పేరు కొట్టేసి వాడి పేరు రాసుకున్నాడు, వెధవ.

కింది అరలో కవిగారి పుస్తకం కనిపించింది. అట్ట ఇప్పటికీ బాగుంది. తెరిచాను, లోపలంతా పెన్సిల్. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఒక్క పద్యం వదలకుండా చదివాడు. సగం పుస్తకాలు సగంలో వదిలేసేవాడు దీన్ని వదల్లేదు. ఎక్కువగా చీవాట్లే ఉన్నాయి. 'ఈ చంద్రుణ్ణి ఎవరి దగ్గర అప్పు తెచ్చారు?' లాంటివి. నలభై ఒకటో పేజీలో, చనిపోయిన తమ్ముడి మీద రాసిన చిన్న పద్యం పక్కన మాత్రం, 'ఇదుగో, ఇక్కడ లోపలికి వచ్చాం' అని ఉంది.

వాళ్ళక్కని అడిగి ఆ పుస్తకం కవిగారికి ఇవ్వడానికి వెళ్ళాను. దారి పొడుగునా ఎలా ఇవ్వాలా అన్న టెన్షనే. చీవాట్లు చూసి బాధపడతారేమో, ఆ పాత మాటకి అసలు అర్థం ఇప్పుడు తెలిస్తే ఏమైపోతారో అని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పారు. చంద్రుడి దగ్గర చిన్నగా నవ్వారు. నలభై ఒకటో పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత పుస్తకం మూసి, అట్ట మీద అరచెయ్యి పెట్టి నా వైపు చూశారు.

"ఏమయ్యా, ఆ రోజు సభలో చెప్పి అంతసేపు ఆగాను కదా" అన్నారు. "నువ్వొక్కడివైనా నవ్వుతావనుకున్నాను. ఎందుకు నవ్వలేదు?"